బ్యాండుకు పెద్ద ట్యూబా: సొత్తు అందరిది, ఎంపిక ఊదేవాడిది



మన యూనియన్ బ్యాండుకు ఒక పెద్ద రోటరీ వాల్వు ట్యూబా కొనాలనే ప్రతిపాదన కార్యవర్గం ముందుకు వచ్చింది. వచ్చే సర్వసభ్య సమావేశంలో దానిపై తీర్మానం జరగాలి. ఈలోగా కార్ఖానాల్లోనూ, చాయ్ హోటళ్ల దగ్గరా రెండు రకాల మాటలు వినబడుతున్నాయి. "కూలీ రేట్లు పెరగని రోజుల్లో ఇత్తడి బాకాకు అంత డబ్బా?" అని కొందరు అంటున్నారు. "కొంటే అన్నిటికంటే పెద్దదే కొనాలి, షోలాపూర్ అంతా చూడాలి" అని మరికొందరు అంటున్నారు. రెండింటికీ జవాబు చెప్పవలసిన బాధ్యత మాపై ఉంది. మా అభిప్రాయం ముందే చెబుతున్నాం. ట్యూబా కొనవలసిందే. అయితే అది యూనియన్ సొత్తుగా ఉండాలి. దాని ఎంపిక ఊదేవాడు, బాగుచేసేవాడు కలిసి చేయాలి. ఈ రెండు షరతులూ కుదరకపోతే కొనకపోవడమే మేలు.

ముందుగా ఈ వాద్యం సంగతి. బ్యాండులో ట్రంపెట్టు, క్లారినెట్టు పాట ఎత్తుకుంటాయి. ట్యూబా అడుగున ఉండి అందరినీ మోస్తుంది. చద్దరు చూసినవాడు రంగురంగుల పేకనే మెచ్చుకుంటాడు. పడుగు తెగితే ఆ రంగులు ఎక్కడ నిలుస్తాయో మనకు వేరే చెప్పనక్కరలేదు. 1835లో బెర్లిన్‌లో వీప్రెఖ్ట్ అనే సైనిక బ్యాండు నాయకుడు, మోరిట్జ్ అనే వాద్యాల తయారీదారు కలిసి బేస్ ట్యూబాకు పేటెంటు పొందారు. అదే ఏడు వియన్నాలో జోసెఫ్ రీడ్ల్ రోటరీ వాల్వుకు హక్కు తీసుకున్నాడు. పిస్టన్ వాల్వు కిందికీ పైకీ కదులుతుంది. రోటరీ వాల్వులో లోపలి ఇరుసు పావు చుట్టు తిరిగి గాలిని అదనపు గొట్టంలోకి మళ్లిస్తుంది. జర్మనీ, ఆస్ట్రియా, చెక్ దేశాల బ్యాండ్లలో ఈ రకమే ఎక్కువ. ఇంగ్లండు బ్యాండ్లు పిస్టన్‌నే నమ్ముకున్నాయి. మన దేశపు బ్యాండ్లలో కనబడేవి కూడా చాలావరకు పిస్టన్‌వే.

మరి మనకు రోటరీ ఎందుకు? ఊరేగింపులో భుజానికి తగిలించుకునే సూసాఫోన్ మనకు ఉంది. మార్కండేయ రథోత్సవానికి, మే డే ప్రదర్శనకు అదే చాలు. కాని సభల్లో కూర్చుని వాయించేటప్పుడు, 1931 జనవరి 12న ఎరవాడ జైలులో ఉరికంబమెక్కిన మన ఊరి నలుగురు అమరవీరుల స్మరణ రోజున వాయించేటప్పుడు, గంభీరమైన నిండు స్వరం కావాలని బ్యాండు సభ్యులు అడుగుతున్నారు. అది న్యాయమైన కోరిక. ముంబయి వ్యాపారి ఒకరు సెకండు హ్యాండు జర్మన్ ట్యూబా ఒకటి చూపించారు గనుకనే ఈ చర్చ రోటరీ చుట్టూ తిరుగుతోంది.

ఇక అసలు విషయం. పెళ్లి బ్యాండ్ల పద్ధతి మనలో చాలామందికి తెలుసు. వాద్యాలు మాలిక్‌వి, డ్రెస్సులు మాలిక్‌వి, లైట్ల బండి మాలిక్‌ది. సీజను ముందు బయానా ఇస్తాడు. ఆ బాకీ తీరేదాకా వాయించేవాడు మరో బ్యాండు గడప తొక్కలేడు. ఇది మన సాంచాల కథ కాదా? సాంచా ఎవరిదో రేటు వాడిదే. ఇప్పుడు ఒక పెద్దమనిషి "నేనే కొనిస్తాను, నా పేరు చెక్కించండి చాలు" అని కబురు పంపారు. ఆయన మంచితనాన్ని మేము శంకించడం లేదు. కాని రేపు ఆయన కార్ఖానాలోనే కూలీ పెంపు కోసం సమ్మె వస్తే, ఆ ట్యూబా ఎవరి పక్షాన మోగుతుంది?

యాజమాన్యం పెట్టిన బ్యాండు చెడ్డదై తీరాలని మేము అనడం లేదు. ఇంగ్లండులో యార్క్‌షైర్‌లోని క్వీన్స్‌బరీలో ఉన్ని మిల్లు యజమాని జాన్ ఫాస్టర్ 1855లో తన మిల్లు పేరుతో బ్లాక్ డైక్ మిల్స్ బ్యాండును నెలకొల్పాడు. మిల్లులో నేత ఆగిపోయినా ఆ బ్యాండు నేటికీ ప్రపంచంలో పేరున్న బ్యాండ్లలో ఒకటి. మంచి వాద్యం, మంచి శిక్షణ దొరికితే మిల్లు మనిషి ఎంత ఎత్తుకు పోగలడో దానివల్ల తెలుస్తుంది.

అయితే మనకు మరింత దగ్గరి ఉదాహరణ ట్యూబాలు తయారుచేసేవాళ్లలోనే ఉంది. బొహీమియాలో గ్రాస్‌లిట్జ్ అనే ఊరు ఇత్తడి వాద్యాలకు పేరెన్నికగన్నది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి జర్మన్ భాషవాళ్లను వెళ్లగొట్టారు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని బవేరియా చేరిన పనివాళ్లు 1946లో వాల్డ్‌క్రైబుర్గ్‌లో సహకార సంఘంగా ఏర్పడి మళ్లీ వాద్యాలు చేయడం మొదలుపెట్టారు. అదే నేటి మిరాఫోన్. రోటరీ ట్యూబాల్లో ఆ పేరు తెలియనివాడు లేడు. చేతిలో నేత పని తప్ప మరో ఆస్తి లేకుండా కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి మన తాతలు ఇక్కడికి వచ్చారు. ఊరు విడిచిన పనివాడి చేతిలో ఏముంటుందో, నలుగురు కలిస్తే అది ఏమవుతుందో మనకంటే బాగా ఎవరికి అర్థమవుతుంది?

ఇక ఎంపిక. "అన్నిటికంటే పెద్దది" అనే మాట వదిలిపెట్టాలి. ట్యూబా సైజును 3/4, 4/4, 5/4, 6/4 అని చెబుతారు గాని దానికి అన్ని కంపెనీలకూ ఒకే కొలత లేదు. ఒకరి 4/4 మరొకరి 5/4 అంత ఉండవచ్చు. కాబట్టి అంకె చూసి కాదు, ఊది చూసి తేల్చుకోవాలి. పెద్ద ట్యూబా 10 కిలోలు దాటుతుంది. గొట్టం వెడల్పయిన కొద్దీ గాలి ఎక్కువ అడుగుతుంది. ఊదేవాడు 12 గంటల పాళీ చేసి వస్తాడు. ఏళ్ల తరబడి దూది దుమ్ము పీల్చినవాళ్లకు బిస్సినోసిస్ అనే ఊపిరి జబ్బు వస్తుంది. బాకా ఊదితే ఛాతీ బాగుపడుతుందని నమ్మేవాళ్లున్నారు. దూది దుమ్ముకు అది మందు కాదు. బేస్ ఊదే మనిషికి ముందు డాక్టరు చేత ఛాతీ పరీక్ష చేయించాలి. మనిషికి సరిపడే సైజు తీసుకోవాలి గాని, సైజుకు సరిపడేలా మనిషిని అరగదీయరాదు.

శ్రుతి విషయంలో బి ఫ్లాట్ ట్యూబా తీసుకోవాలి. దాని గొట్టం పొడవు సుమారు 18 అడుగులు. మన ట్రంపెట్లు, యుఫోనియం కూడా బి ఫ్లాట్‌వే గనుక యుఫోనియం నేర్చిన పిల్లవాడు అదే వేళ్ల పద్ధతితో దీనికి మారగలడు. వాల్వులు నాలుగు ఉండాలి. మూడే ఉంటే ఒకటి, మూడు కలిపి నొక్కినప్పుడు స్వరం పైకి జారుతుంది. నాలుగోది ఆ లోపాన్ని సరిచేసి, కింది స్వరాలకు దారి ఇస్తుంది.

సెకండు హ్యాండు సరుకు చూడటం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. పాత సాంచాలు కొని నడిపిన చేతులివి. అదే కన్ను ఇక్కడా పెట్టాలి. వాల్వు నొక్కకుండా దాని గొట్టాన్ని మెల్లగా బయటికి లాగాలి. లోపలి నుంచి పీల్చిపట్టినట్టు ఉండి, వాల్వు నొక్కగానే "టప్" మంటే గాలి నిలుస్తున్నట్టు. చప్పుడు లేకుండా జారివస్తే వాల్వు గాని, గొట్టం అతుకు గాని అరిగినట్టు. మీట పట్టుకుని ఊపితే టకటకమంటే కీళ్లో, బేరింగులో వదులైనట్టు. కీళ్లు మార్చడం తేలిక, బేరింగు పని ఖర్చు. వాల్వు వెనక మూత విప్పితే గీతలు కనబడతాయి. మీట వదిలినప్పుడూ, నొక్కినప్పుడూ గీతకు గీత కలవాలి. కలవకపోతే రబ్బరు ముక్కలు అరిగాయన్నమాట. అది చిన్న పని. నోటి దగ్గరి గొట్టంపై ఎర్రటి మచ్చలుంటే ఇత్తడి లోపల తినుకుపోతున్నట్టు. పెద్ద గంట మీద సొట్ట కంటికి బాధే గాని, సన్న గొట్టంలో సొట్ట స్వరానికే బాధ. శ్రుతిని ఫోన్‌లోని ట్యూనర్‌తో సరిచూడాలి. 1960లకు ముందటి ఇంగ్లీషు వాద్యాల్లో చాలావాటి శ్రుతి నేటి శ్రుతికంటే ఎక్కువ. వాటిని మనవాటితో కలపడం కష్టం.

కొన్న తర్వాతి మాట కూడా చెప్పాలి. రోటరీ వాల్వును ఎవరు పడితే వారు విప్పరాదు. ప్రతి ఇరుసూ దాని గూటికే సరిపోయేలా అరగదీసి ఉంటుంది. ఒకదాని గూట్లో మరొకటి పెట్టడానికి అది షటిల్ కాదు. లోపలికి పల్చటి నూనె, బేరింగులకు కాస్త చిక్కటి నూనె క్రమం తప్పకుండా వేస్తే ఏళ్లు నడుస్తుంది. అందుకే మరమ్మతు చేయగల మిస్త్రీ పేరు రాసుకున్నాకనే బయానా ఇవ్వాలి. చైనా నుంచి వచ్చే కొత్తవి చవక. వాటిని కాదనడం లేదు. వాటికీ ఇవే పరీక్షలు. కొత్త జర్మన్ వాద్యమైతే ధర లక్షల్లోకి పోతుంది. దానిపై కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, రవాణా. అది ప్రస్తుతం మన శక్తికి మించినది.

డబ్బు సంగతి స్పష్టంగా చెబుతున్నాం. సమ్మె సహాయ నిధి నుంచి ఒక్క రూపాయి కూడా తీయరాదు. అది పస్తులున్న ఇంటి కోసం దాచింది. ట్యూబాకు ప్రత్యేక చందా, ప్రత్యేక రసీదు పుస్తకం, నోటీసు బోర్డు మీద నెలనెలా లెక్క. ఇవ్వగలిగినవారు ఇస్తారు. ఇవ్వలేనివారి పిల్లలకు కూడా నేర్చుకునే హక్కు ఉంటుంది, ఆడపిల్లలతో సహా. వాద్యం యూనియన్ రిజిస్టరులో ఎక్కాలి, యూనియన్ ఆఫీసులో ఉండాలి. దానిపై దాత పేరు గాని, కార్యదర్శి పేరు గాని ఉండరాదు.

కూలీ పోరాటం ముందా, బ్యాండు ముందా అని అడిగేవారికి మా జవాబు ఒక్కటే. పోరాటమే ముందు. కాని ఇరవై రోజులు సమ్మె నడిపిన ఏ కార్మికుణ్ణయినా అడగండి, గేటు ముందు జనాన్ని నిలబెట్టినది ఉపన్యాసం ఒక్కటేనా అని. పాట కూడా మన హక్కుల్లో ఒకటి. దాన్ని మరొకరి జేబులో పెట్టవద్దు.

సభ్యులందరూ సర్వసభ్య సమావేశానికి తప్పక వచ్చి, అనుకూలమైనా వ్యతిరేకమైనా తమ అభిప్రాయం చెప్పవలసిందిగా కోరుతున్నాం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!