చిత్తుప్రతే అసలు ప్రతి

మైకు ముందు పాడితే పాట, వంటింట్లో పాడితే కూనిరాగం. మనలో చాలామంది లెక్క ఇదే. నాకిది ఎప్పుడూ నచ్చలేదు. ఎందుకో చెప్పడానికి మంచి ఉదాహరణ ఒకటి దొరికింది. అది ఇల్లాలి పాట కాదు, స్టేడియాలు దద్దరిల్లేలా పాడే అమెరికన్ రాక్ గాయకుడి పాట.

బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ వెనక ఈ స్ట్రీట్ బ్యాండ్ ఉంటుంది. గిటార్లు, డ్రమ్ములు, పియానో, శాక్సఫోన్, అంతా హోరు. 1980లో వచ్చిన వాళ్ల 'ది రివర్' ఆల్బమ్ అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. అంత సందడి తర్వాత ఆయన న్యూజెర్సీలోని కోల్ట్స్ నెక్ అనే ఊళ్లో, ఒక అద్దింట్లో ఒంటరిగా ఉన్నారు. 1982 జనవరిలో అక్కడ పడకగదిలో కూర్చుని కొత్త పాటలు పాడి, నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద పట్టారు. రెండు మైకులు, గిటారు, మౌతార్గాన్, యంత్రం చూసుకోవడానికి ఒక సహాయకుడు. ఇంచుమించు అంతే సరంజామా.

నిజానికి అది బ్యాండుకి పాటలు నేర్పడానికి చేసుకున్న చిత్తుప్రతి. ఆ క్యాసెట్‌ని పెట్టె కూడా లేకుండా జేబులో వేసుకుని తిరిగారట! తర్వాత న్యూయార్క్ స్టూడియోలో అందరూ కలిసి వాయించి చూశారు. ఆ క్యాసెట్‌లోదే 'బార్న్ ఇన్ ది యూఎస్ఏ' బ్యాండుతో బ్రహ్మాండంగా కుదిరి, 1984లో వచ్చింది. మిగతావాటిలో చాలా పాటలు మాత్రం వాయిద్యాలు చేరేకొద్దీ ప్రాణం పోగొట్టుకున్నాయి. చివరికి ఆ చిత్తుప్రతినే, 10 పాటలతో, 1982 సెప్టెంబరులో 'నెబ్రాస్కా' పేరుతో విడుదల చేశారు.

ఎందుకు కుదరలేదు? ఆ పాటల్లో ఉన్నదేమిటో చూడండి. కార్ల ఫ్యాక్టరీ మూతపడి ఉద్యోగం పోయినవాడు. నాన్న పాత కారు కొంటుంటే లోలోపల చిన్నబుచ్చుకునే పిల్లాడు. కలలో తండ్రి ఇంటికి పరుగెత్తే కొడుకు. ఇవి డప్పు కొట్టి చెప్పే సంగతులా? ఇంటి సంగతుల్ని ఇంటి గొంతుతోనే చెప్పాలి.

"ఆయన పేరున్నవాడు కాబట్టి చెల్లింది, మనం పాడితే ఎవరు వింటారు?" అని మీరు అడగొచ్చు. ఒప్పుకుంటాను. కానీ నా కళ్లు పడింది ఆయన పేరు మీద కాదు, ఆ గది మీద. పాట మధ్యలో "కాఫీ అయిందా?" అని అడిగేవాళ్లు లేరు. కుక్కర్ కూతలు లెక్కపెట్టే పని లేదు. అంతకంటే మెరుగైన రికార్డర్ ఇవాళ మన ఫోన్లోనే ఉంది. లేనిదల్లా ఆ తలుపు వేసిన గదే. ఆయన ఏకాంతం కోసం ఇంటికి వెళ్లారు. మనకి ఏకాంతం దొరకని చోటే ఇల్లు!

అలాగని ఆ రోజుల్ని అందంగా ఊహించుకోవద్దు. తాను ఆ కాలంలో డిప్రెషన్‌తో బాధపడ్డానని, తర్వాత ఏళ్ల తరబడి చికిత్స తీసుకున్నానని ఆయనే 2016లో వచ్చిన ఆత్మకథలో రాశారు. తెలుగులో ఏకాంతం, ఒంటరితనం అని రెండు వేర్వేరు మాటలున్నది ఊరికే కాదు. ఇంటినిండా మనుషులుండి కూడా ఒంటరితనం ఎరిగిన ఆడవాళ్లున్నారు. ఏకాంతం మాత్రం ఎరగరు.

అందుకే నేననేది ఒకటే. మీ ఇంట్లో అమ్మో, అత్తగారో, కోడలో, కూతురో పాడుకుంటుంటే, రాసుకుంటుంటే, "ఏదైనా పోటీకా?" అని అడక్కండి. తలుపు దగ్గరగా వేసి, ఓ గంట వంటిల్లు మీరు చూసుకోండి. అది ఆమెకి చేసే ఉపకారమేమీ కాదు. ఆమె పాడుకునేది దేనికో రిహార్సల్ అని మనం అనుకుంటున్నాం గానీ, అసలు పాట అదే కావచ్చు.

ఏమంటారు?