ఋజువు చేయవలసిన దెవరు?

జగ్గయ్యపేట బస్సులోను, నందిగామ పఠనమందిరములోను ఈ దినములలో వినవచ్చు వాదములు ఒకే తీరుగా నున్నవి. విద్యుత్తుతో నడచు స్కూటరును గూర్చియో, కృత్రిమ మేధను గూర్చియో మాట వచ్చినతోడనే సభ రెండుగా చీలుచున్నది. రేపో మాపో పెట్రోలు బంకులన్నియు మూతబడునని ఒకరు ఘంటాపథముగ చెప్పుదురు. ఇదియంతయు బూటకమని మరియొకరు పెదవి విరుతురు. మా దృష్టిలో ఇరువురిదియు ఒకే పొరపాటు. ఒకరు ఋజువు నడుగకయే తల యూపుచున్నారు. మరియొకరు ఋజువును చూడకయే తల త్రిప్పుకొనుచున్నారు.

ఒక సంగతి నిజమని చెప్పువాడే దానిని ఋజువు చేయవలెనను సూత్రము 1872 నాటి సాక్ష్యచట్టమున నుండెను. దాని స్థానమున 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన క్రొత్త చట్టమునను నున్నది. న్యాయస్థానములో చెల్లు ఈ సూత్రము అంగడిలో మాత్ర మేల చెల్లరాదు?

పెద్ద మాటకు దృష్టాంతము వెదకుటకు మనము దూరము పోనక్కరలేదు. 2017 సెప్టెంబరులో అమెరికా దేశపు హైపర్‌లూప్ ట్రాన్స్‌పోర్టేషన్ టెక్నాలజీస్ అను సంస్థ మన రాష్ట్రముతో ఒక అవగాహనపత్రమును వ్రాసికొనెను. గాలి తీసివేసిన గొట్టములో బండిని పరుగెత్తించి, గంటకు మించిన విజయవాడ - అమరావతి ప్రయాణమును ఆరు నిమిషములకు దింపుదుమని వా రనిరి. ఆ వార్తను మన పురజనులు ఎంత ముచ్చటగ చెప్పుకొనిరో మాకు జ్ఞాపకమున్నది. ఆ గొట్టము నేటికిని రాలేదు. ప్రపంచములో ఏ రెండు నగరముల నడుమను అట్టి మార్గము ప్రయాణికులను చేరవేయుట లేదు. ఇందుచే ఆ విద్యయే అబద్ధమని మే మనుట లేదు. చెన్నపట్టణపు ఐ.ఐ.టి. వారు నాలుగువందల మీటర్లకు మించిన గొట్టమును నిర్మించి ప్రయోగములు చేయుచున్నారు. అది ప్రయోగమని చెప్పియే చేయుచున్నారు గనుక వారిని గౌరవింతుము. ప్రయోగము వేరు, ప్రకటన వేరు.

ఆకాశమున కట్టిన మేడ కూలినను ఎవరి తలయు పగులదు. ఇంటిలోనికి వచ్చు వస్తువు సంగతి అట్లు కాదు. 2022 ఏప్రిలులో విజయవాడలో ఒక గృహస్థు ముందునాడే కొన్న విద్యుత్ స్కూటరు బ్యాటరీని ఇంటిలో చార్జింగునకు పెట్టగా, అది ప్రేలి ఆయన ప్రాణమును గొనెను. ఆ నెలలోనే నిజామాబాదులో ఒక వృద్ధుడు ఇట్టి ప్రమాదముననే మరణించెను. లిథియము బ్యాటరీలో ఒక కణము మితిమీరి వేడెక్కినచో ఆ వేడిమి ప్రక్క కణమునకు ప్రాకి, గడియలో బ్యాటరీ అంతయు నంటుకొనును. ఈ మరణముల పిమ్మటనే కేంద్ర ప్రభుత్వమువారు బ్యాటరీల పరీక్షలను కఠినము గావించి, 2022 డిసెంబరు 1న కొన్నిటిని, 2023 మార్చి 31న తక్కినవానిని అమలునకు తెచ్చిరి. ముందుండవలసిన పరీక్ష వెనుక వచ్చినది. నడుమ మనుష్యులు పోయిరి.

దూరము మాటయు నిట్టిదే. ప్రకటనలో కనబడు కిలోమీటర్ల లెక్క పరీక్షాలయములో రోలర్లపై, నియమిత వేగముతో నడపి తీసినది. ఇద్దరెక్కి, మిరపకాయల మూట నొకటి ముందు పెట్టుకొని, ఎండలో 65వ నంబరు జాతీయ రహదారిపై ఎదురుగాలికి పోవు బండి లెక్క అది కాదు. జగ్గయ్యపేట నుండి విజయవాడ సుమారు 80 కిలోమీటర్లు. పోయి రాగలనని నమ్మి బయలుదేరిన చిరువ్యాపారి చీకటివేళ మార్గమధ్యమున నిలిచిపోయినచో, ఆ రాత్రి ప్రకటనకర్త వచ్చి బండిని త్రోయునా?

మనవారు నూతనత్వమునకు విరోధులు కారు. 2016లో ఆరంభమైన యూ.పీ.ఐ.ని చూడుడు. అక్షరము రాని కూరగాయల అవ్వయు దానిని నేడు అంగీకరించుచున్నది. ఏ ఉపన్యాసమును విని ఆమె నమ్మలేదు. సొమ్ము ముట్టినదని ప్రక్కనున్న పెట్టె పలికిన పిమ్మటనే సంచి చేతికిచ్చుచున్నది. బేరము బేరమునకు ఋజువు! ఆ అవ్వకున్న వివేకము చదువరులమైన మన కుండవలదా?

మా వృత్తిలో మేము నిత్యము చూచు విషాద మొకటి కలదు. సొమ్ము చెల్లించువరకు ఋజువు భారము అమ్మువానిది. చెల్లించి, మోసపోయి, ఫిర్యాదు పట్టుకొని వచ్చిన క్షణమున ఆ భారము కొన్నవాని నెత్తికెక్కును. "అమ్మినవాడు నోటితో చెప్పినాడండీ" యను కక్షిదారునికి మేము చేయగలిగినది స్వల్పము.

కావున కొనుటకు ముందే అడుగుడు: ఈ మాటను కాగితముపై వ్రాసి ఇత్తురా? ఏ పరీక్షలో తేలినది? ఏండ్లు గడచిన పిమ్మట బ్యాటరీకి పూచీ ఎవరు? బాగుచేయువాడు మన ఊర నున్నాడా? ప్రకటనను, రశీదును దాచియుంచుడు. 2019 నాటి వినియోగదారుల చట్టము ప్రకారము కొన్నవాడు తాను నివసించు జిల్లాలోనే రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవచ్చును. 5 లక్షల రూపాయలవరకు చెల్లించిన వస్తువునకు రుసుము లేదు. తప్పుదారి పట్టించు ప్రకటనకు 10 లక్షలవరకు జరిమానా విధించు అధికారము కేంద్ర ప్రాధికారసంస్థకు కలదు. కాని కాగితము లేనివానికి ఈ చట్టమంతయు అద్దములోని మూటయే.

మన పఠనమందిరములలో ఒక చిట్టా నుంచవలెనని మా సూచన. ఏ వస్తువును గూర్చి, ఏ తేదీన, ఎవరు ఏమి చెప్పిరో ఒక వైపునను, ఏడాది గడచిన పిమ్మట ఏమి జరిగెనో రెండవ వైపునను వ్రాయుడు. వాదములు తగ్గును, వివేకము పెరుగును. రెండవ వైపున నిలిచిన వస్తువును స్వాగతింతము. నిలువనిదానిని, అది ఏ దేశపుదైనను, ఎంత తళతళలాడినను, అంగడిలోనే వదలి వత్తము.