ఆగినవాణ్ణి చూసి నవ్వొద్దు

మృగశిర కార్తె దాటి ఆరుద్ర వస్తుంది. నట్టింట్లో శెనక్కాయ విత్తనాల మూటలు సిద్ధంగా ఉంటాయి. ఓ సాయంత్రం చిన్న జల్లు పడి మట్టివాసన ఊరంతా కమ్ముకుంటుంది. అయినా నల్లమాడ రైతు గొర్రు కట్టడు. చేనికి పోయి, పిడికెడు ఎర్రమన్ను తీసి, ఉండ చేసి, వేళ్లతో చిదిపి చూస్తాడు. "పదును చాల్లేదు" అని ఇంటికి తిరిగొస్తాడు. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ మనది. అదీ పడితే. తొందరపడి విత్తితే విత్తనం పోయి అప్పు మిగులుతుంది. అందుకే ఆ రైతు ఇంకో వారం ఆగితే ఊళ్లో ఎవరూ నవ్వరు. పైగా పక్క చేనివాడు కూడా ఆయన్ను చూసి ఆగుతాడు.

అదే మనిషి కారు దగ్గర ఆగితే మాత్రం నవ్వుతున్నాం. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం ఆ నవ్వే.

బస్టాండు దగ్గరి టీ అంగట్లో ఈ మధ్య విన్న సంగతి చెబుతాను. ఒకాయనకు కొడుకు బెంగళూరులో ఉద్యోగం. ఇంట్లో పాత బండి ఒకటి ఉంది, నడుస్తోంది. కొత్తది కొందామని కొంత డబ్బు కూడబెట్టుకున్నాడు. "ఇంకో ఏడాది చూస్తా, కొత్త మోడల్ ఎట్లుందో నలుగురికీ తెలియనీ" అన్నాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు. "ఏమప్పా, దుడ్లు చాల్లేదా?" "మీ వియ్యంకుడు మొన్ననే తెచ్చినాడు కదా!" "ఈ జన్మకు నీకు పాతదే రాసిపెట్టిందిలే మామా." పగేమీ లేదు, ఉత్త వేళాకోళం. నేనూ నవ్వాను. రెండు వారాలు తిరక్కుండానే ఆయన బండికి అడ్వాన్సు కట్టేశాడని తెలిసింది. ఇంటావిడ గొలుసు కుదవకు పోయిందనీ తెలిసింది. ఆ గొలుసు కుదవకు పోవడంలో నా నవ్వు వాటా ఎంతో నాకింకా తేలలేదు.

కారు కొనాలా, ఆగాలా అన్నది ఎవరి ఇంటి విషయం వాళ్లదే అంటారు. అది నిజం కాదు. మన ఊళ్లలో ఏ కారునూ ఒక్కడే కొనడు. బెంచీ మీది నలుగురు కొనిపిస్తారు, పెళ్లిలో పలకరించిన పెద్దమ్మ కొనిపిస్తుంది, "ఇంకా పాతదేనా?" అన్న బావమరిది కొనిపిస్తాడు. కంతులు మాత్రం ఒక్కడే కడతాడు.

ఈ ఒత్తిడి మన దిక్కున మరికాస్త ఎక్కువ. దానికో కారణం ఉంది. బయటి ఊళ్లవాళ్లకు కారు ఎక్కడో తయారై షోరూముకు వచ్చే సరుకు. మనమైతే బుక్కపట్నం, కొత్తచెరువు దాటి పెనుకొండ దారి పట్టామంటే ఎర్రమంచి దగ్గర అవి తయారయ్యే చోటికే చేరుతాం. కియా సంస్థతో 2017లో ఒప్పందం కుదిరింది. 536 ఎకరాల్లో కర్మాగారం లేచింది. ఏడాదికి మూడు లక్షల బండ్లు చేయగల సామర్థ్యంతో అది మొదలైంది. 2019 ఆగస్టు 22న సెల్టోస్ అమ్మకానికి వచ్చింది. తర్వాత సోనెట్, కారెన్స్, సైరోస్. ఉలవలు, కొర్రలు, శెనక్కాయ పండే మెట్ట మీద కొరియా భాషలో బోర్డులు వెలిశాయి. 2026 జనవరిలో కొత్త తరం సెల్టోస్ వచ్చేసరికి, "మన నేల మీద చేసిన బండి, మనమే కొనకపోతే ఎట్లా?" అన్న మాట కూడా పుట్టింది.

ఆ మాటలో ఉన్న అభిమానం నాకూ ఉంది. శ్రీశైలం నుంచి మెట్టుమెట్టుగా ఎత్తిపోసుకుంటూ హంద్రీ-నీవా కాలువలో వచ్చిన కృష్ణా నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరు చేరి, అక్కణ్నుంచి ఆ ఫ్యాక్టరీకి పోతున్నాయి. మన పిల్లలు కొందరికి అక్కడ పని దొరికింది. అభిమానం ఉండాల్సింది ఆ పని మీద, ఆ జీతం మీద. మిగతా చెరువులకు నీళ్లెప్పుడని గట్టిగా అడగడంలో ఇంకా ఎక్కువ ఉండాలి. వచ్చిన జీతాన్ని వచ్చినట్టే బండి కంతుకు ధారపోయడం ఊరి మీద అభిమానమెట్లా అవుతుందో నాకు అర్థం కాదు.

బండి సంగతికే వద్దాం. మన రైతు కొత్త విత్తనాన్ని ఎట్లా చూస్తాడు? కదిరి పరిశోధన కేంద్రం నుంచి శెనక్కాయ రకం కే-6 వచ్చినా, కదిరి లేపాక్షి వచ్చినా, బుద్ధిగలవాడు ముందు పక్కవాడి చేనులో ఊడలు దిగడం చూస్తాడు, చెట్టు పెరికి కాయలు లెక్కపెడతాడు, మరుసటేడు అరెకరంలో వేసి చూస్తాడు. విత్తనం మంచిది కాదని కాదు. మన ఎర్రనేలకు, మన బెట్టకు అదెట్లా నిలుస్తుందో పరిశోధన కేంద్రం మళ్లలో పూర్తిగా తెలియదు. కారూ అంతే. కంపెనీ తన ట్రాకుల మీద ఎన్ని వేల కిలోమీటర్లు నడిపి చూసినా, వేలమంది చేతుల్లో వేల దారుల మీద పడ్డాకే కొన్ని లోపాలు బయటపడతాయి. ఇప్పటి బండ్లలో ఇనుము ఎంత ఉందో సాఫ్ట్‌వేరూ అంత ఉంది. చప్పుడు విని మెకానిక్కు పట్టుకునే రోగాలు కావవి.

మన ఎర్రమంచి బండినే తీసుకోండి. కారెన్స్ 2022 ఫిబ్రవరిలో వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో 44,174 కారెన్స్ బండ్లను కంపెనీ వెనక్కి పిలిచింది. ఎయిర్‌బ్యాగులను నడిపించే మాడ్యూల్ సాఫ్ట్‌వేర్‌లో లోపముందేమో చూసి, ఉంటే ఉచితంగా సరిచేస్తామని చెప్పింది. దాచకుండా చెప్పినందుకు మెచ్చుకోవాల్సిందే. లోపాలున్న బండ్లను వెనక్కి పిలవమని ఆదేశించే అధికారం 2019 మోటారు వాహనాల చట్ట సవరణతో ప్రభుత్వానికీ వచ్చింది. కానీ ఎనిమిది నెలల పాటు పిల్లల్ని ఎక్కించుకుని తిరిగినవాళ్లు ఎవరు? మొదటి రోజే ఎగబడి కొన్నవాళ్లు. ఇది ఒక్క కంపెనీ కథేం కాదు. 2009లో టాటా నానో కోసం రెండు లక్షల పైచిలుకు మంది డబ్బు కట్టి బుక్ చేసుకున్నారు, లాటరీ తీసి మొదటి లక్షమందిని ఎంపిక చేశారు. ఆ తర్వాత కొన్ని బండ్లు మంటల్లో చిక్కుకున్నాయి, కంపెనీ అదనపు రక్షణ భాగాలు ఉచితంగా బిగించాల్సి వచ్చింది. లాటరీలో పేరు రానివాళ్లు ఆ రోజు ఎంత బాధపడి ఉంటారో!

ధర సంగతి. ఆగితే పెరుగుతుందని షోరూములో చెబుతారు. అది అబద్ధం కాదు, మొదటి సెల్టోస్ ధరను 2020 జనవరిలో కొంత పెంచారు కూడా. కానీ 2025లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. ఆగస్టు 15న ఎర్రకోట మీంచి జీఎస్టీ తగ్గబోతోందని ప్రధాని ప్రకటించారు. సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద పన్ను 18 శాతానికి దిగింది, పెద్దవాటి మీద సెస్సు పోయి 40 శాతం దగ్గర ఆగింది. సోనెట్ ధర లక్షా 64 వేల వరకు, సెల్టోస్ ధర 75 వేల వరకు తగ్గింది. శ్రావణమాసం పోతుందని ఆగస్టు మొదట్లో తొందరపడినవాడికి ఆ డబ్బు ఎవరూ తిరిగివ్వలేదు. ఆ శ్రావణంలో "ఆగుతా" అన్నవాణ్ణి చూసి నవ్వినవాళ్లు మనలో ఎంతమందిమో!

బీమా కంపెనీలు బండికి విలువ కట్టే పట్టిక ఒకటుంది, కొనేముందు అందరూ చూడదగ్గది. ఆరు నెలలు దాటితే 15 శాతం తరుగు. ఏడాది దాటితే 20. రెండేళ్లు దాటితే 30. నాలుగేళ్లు దాటితే సగం. మన బర్రె కూడా ఇంత వేగంగా విలువ పోగొట్టుకోదు, మధ్యలో పాలిస్తుంది కూడా. ఇక అప్పు. పది లక్షలు తొమ్మిదిన్నర శాతం వడ్డీకి ఏడేళ్లకు తీసుకుంటే నెలకు 16 వేల 300 పైమాటే. మొత్తం మీద మూడు లక్షల 70 వేలు వడ్డీకే పోతుంది. 84 కంతులు. మన లెక్కలో ఏడు ఖరీఫులు. ఆ ఏడింటిలో ఎన్ని పండుతాయో గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలిగే రైతు నల్లమాడ మండలంలో ఉన్నాడా? డౌన్‌పేమెంటు కోసం చీటీ నష్టానికి పాడుకున్నవాళ్లకు ఆ నష్టం దీనికి అదనం.

గుర్రాల మోజు కథ ఒకటుంది, మన పెనుకొండను ఏలిన విజయనగరం నాటిది. న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి సాళువ నరసింహరాయల గురించి రాశాడు. సముద్రం మీదుగా వచ్చే మేలుజాతి గుర్రాల మీద ఆయనకు ఎంత ఆరాటమంటే, దారిలో చచ్చిపోయిన గుర్రాల తోకలు తెచ్చి చూపించినా బతికినవాటి ధరే ఇచ్చేవాడట. రాజుకు యుద్ధాలున్నాయి, బొక్కసం ఉంది, తోకకు ధర కట్టగలడు. మనకేముంది? కొత్త బండి ఫోటోకు పూలదండ వేసి స్టేటస్ పెట్టుకునే ఆ ఒక్క రోజు కోసం మనం కడుతున్నది కూడా కొంత తోక ధరే.

దేశంలో మొదటి మారుతి 800 తాళంచెవి 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా హర్‌పాల్ సింగ్ అనే ఆయన అందుకున్నారు. కొత్త మోడల్‌కు మొట్టమొదటి యజమాని ఆయనే, మన భాషలో చెప్పాలంటే అందరికంటే ముందు తొందరపడినవాడు. కానీ 2010లో చనిపోయేదాకా ఆ బండే ఆయన బండి. ఇరవయ్యారేళ్లకు పైన. ఆ మధ్యలో మారుతీ కంపెనీయే ఎన్ని కొత్త మోడళ్లు తెచ్చిందో లెక్కేలేదు. అందుకే కొనడం మీద నాకు కోపం లేదు. కొన్నదాన్ని మూడేళ్లకే చిన్నచూపు చూసేట్టు చేస్తున్న మన కళ్ల మీదే కోపం.

ఇక పెళ్లిళ్లు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. ఇదివరకు "కారు" అని అడిగేవాళ్లు, ఇప్పుడు మోడల్ పేరు, రంగు, సన్‌రూఫ్ ఉందా లేదా చెప్పి అడుగుతున్నారు. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. ఇచ్చినా పుచ్చుకున్నా నేరమే, ఐదేళ్లకు తగ్గని జైలు. "మేం అడగలేదు, వాళ్లే కానుకగా ఇచ్చారు" అని చట్టానికి సమాధానం చెప్పుకోవచ్చు. పిల్ల తండ్రి మొన్న వచ్చిన మోడల్‌ను కానుకగా ఇవ్వాలని తనంతట తానే అనుకున్నాడా? ఆగమని చెప్పే హక్కు ఆయనకెక్కడుంది? ముహూర్తం ఆగదు, వరుడి వాళ్లు ఆగరు, బోరు వేసుకుందామని దాచిన డబ్బు షోరూముకు పోతుంది. ఆ బండి ఊరేగింపులో ముందు నడిచే మనమంతా సాక్షులం. నేరం జరుగుతుంటే విందు తిని వచ్చిన సాక్షులం.

అందరూ ఆగాలని నేననను. పుట్టపర్తిలో టాక్సీ నడుపుకునేవాడికి బండి కూడు పెడుతుంది, అతను లెక్కలు చూసుకుని కొనుక్కుంటాడు. డయాలసిస్‌కు వారానికి రెండుసార్లు తల్లిని తీసుకుపోవాల్సినవాడికి ఏడాది ఆగమని చెప్పడం పాపం. అలాంటివాళ్లకు కూడా నిన్న వచ్చిన మోడలే కావాలనేం లేదు. నాలుగేళ్లుగా రోడ్డు మీద నిలబడి, మంచీ చెడూ కదిరి మెకానిక్కులందరికీ తెలిసిన బండి చాలు. డబ్బు ఎక్కువై సరదాకు కొనుక్కునేవాడి జోలికి నేను పోను.

నా మాటలు నడిమిమనిషికి, అతని చుట్టూ ఉన్న మనకు. ఇంటికి వచ్చిన చుట్టాన్ని "ఏం బండి?" అని కాకుండా "ప్రయాణం బాగా జరిగిందా?" అని అడుగుదాం. వియ్యాలవారిని కలిసినప్పుడు కారు పేరు ఎత్తకుండా ఉందాం. మన పిల్లవాడి పెళ్లి మాటల్లో అవతలివాళ్లు కారు ప్రస్తావిస్తే, వద్దని నలుగురి ముందూ మనమే నోరు తెరిచి చెబుదాం. షోరూములో సంతకం పెట్టబోయే తమ్ముడికి ఆ బీమా పట్టిక ఒకసారి చూపిద్దాం. రేపు టీ అంగట్లో ఎవరైనా "ఇంకో ఏడాది చూస్తా" అన్నారనుకోండి, బెంచీ మీద మీరు కూడా ఉంటే, "మంచిపని అప్పా, పదును చూసే విత్తాల" అని గట్టిగా అనండి. పక్కవాడు నవ్వబోతే వాణ్ణి ఆపండి.