పబ్జీలో చాపకూడు

ఫిబ్రవరి వచ్చిందంటే పల్నాడులోనూ, ఇటు అద్దంకి, పర్చూరు వైపూ ఏ ఊరి పొలిమేర చూసినా ఎర్రగా ఉంటుంది. కోసిన మిరపకాయ కల్లాల్లో ఆరుతుంటుంది. యార్డులో ధర ఎంత పలుకుతుందో ఎవరికీ తెలియదు కానీ రాత్రి కాపలా మాత్రం తప్పదు. వెనకటికి ఈ కాపలాకు ఇంటి పెద్దాయన నులకమంచం వేసుకుని, తలాపున రేడియో పెట్టుకుని పడుకునేవాడు. ఇప్పుడా మంచం మీద డిగ్రీ చదివే మనవడుంటాడు. పక్కన టార్చిలైటు, మంచు పడితే కాయల మీద కప్పడానికి పట్టలు, మొహాన ఫోను వెలుగు. పగలంతా కాయ తిరగేసిన చేతులు. వేళ్ల ఘాటు ఇంకా వదల్లేదు కాబట్టి కన్ను దురదపెట్టినా నలుపుకోడు. రెండు బొటనవేళ్లూ తెరమీదే ఉంటాయి. "మావా, నాక్ అయ్యాన్రా, ఇటొచ్చి లేపు!" అని ఒక్క కేక పెడతాడు. పక్క కల్లంలో కుక్క మొరుగుతుంది.

ఆ మావ ఎవరు? కుర్రాడికీ తెలియదు. అనంతపురం వాడు కావచ్చు, ఆదిలాబాద్ వాడు కావచ్చు. గొంతు తెలుసు, ఆట తీరు తెలుసు, తుపాకీ ఎటు పట్టుకుంటాడో తెలుసు. ఇంటిపేరు తెలియదు, కులం తెలియదు, ఎన్నెకరాలో తెలియదు. మన పల్లెల్లో ఇవేవీ తెలియకుండా ఇద్దరు మగపిల్లలు స్నేహితులు కావడం ఎంత అరుదో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇలాంటి గేమరు ఊరికొకడైనా ఉంటాడు. వాడి వాదన వినే ఓపిక ఇంట్లో ఎవరికీ ఉండదు. నాయనమ్మ దృష్టిలో ఫోన్లో ఆడేదంతా ఒకటే. రమ్మీ యాప్‌లో డబ్బు పోగొట్టుకుని అప్పులపాలైన ఎదురింటి ఆసామీ, క్రికెట్ బెట్టింగుతో ఊరొదిలిన ఇంకొకడు, కల్లంలో పబ్జీ ఆడే మనవడు, అందరూ ఒకే ఖాతా. గేమరు మొదటి ఫిర్యాదు ఇదే. ఆ ఫిర్యాదులో న్యాయముంది.

పందెమూ ఆటా జనం బుర్రలో కలిసిపోవడానికి క్యాలెండరు కూడా ఒక కారణమైంది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీ మొబైల్‌తో కలిపి 118 యాప్‌లను నిషేధించింది. కారణం దేశ భద్రత, సమాచార భద్రత. సరిగ్గా మర్నాడు, సెప్టెంబరు 3న, ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్లను నిషేధించాలని నిర్ణయించింది. కారణం జూదం. రెండు వార్తలూ ఒక రోజు తేడాతో వచ్చాయి. ఒకటి సరిహద్దు గొడవ, రెండోది పేకాట గొడవ. రచ్చబండ మీద మాత్రం రెండూ కలిపి ఒకే వార్త అయింది: పిల్లల్ని పాడుచేసే ఆటలు పోయాయట!

పోలేదు. 2021 జులై 2న అదే ఆట బీజీఎంఐ అనే కొత్త పేరుతో వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను నిషేధిస్తే, దాని తోబుట్టువు ఫ్రీ ఫైర్ మ్యాక్స్ నిక్షేపంగా మిగిలింది. ఆ జులైలో బీజీఎంఐ కూడా యాప్ స్టోర్ల నుంచి మాయమై, 2023 మే నెలాఖరులో తిరిగొచ్చింది. ఇన్ని పేర్లు మారినా పల్లెలో దాని పేరు పబ్జీయే. వనస్పతి ఏదైనా డాల్డా అన్నట్టు.

పేకాట సంగతి ఇంకా పాతది. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద జరిగిన దాడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ సత్యనారాయణ కేసులో వచ్చిన తీర్పు ప్రకారం, మూడుముక్కలాట అదృష్టం మీద నడిచేది, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచేది. అర్ధశతాబ్దం తర్వాత పుట్టిన రమ్మీ యాప్‌లన్నీ ఆ ఒక్క మాటను గొడుగులా పట్టుకుని వ్యాపారం చేశాయి. ఆ గొడుగును 2025 ఆగస్టులో పార్లమెంటు లాగేసింది. లోక్‌సభ 20న, రాజ్యసభ 21న ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ బిల్లుకు 22న రాష్ట్రపతి సంతకం పడింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న ప్రశ్నే లేదు. డబ్బు కట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషేధం. నడిపేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడేవాడికి శిక్ష లేదు. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, పందెం లేని ఆటలను వేరే వరుసలో కూర్చోబెట్టి ప్రోత్సహిస్తామంది.

చట్టం గీసిన ఈ గీత పల్నాటికి కొత్తేమీ కాదు. ఈ నేల మీద 12వ శతాబ్దపు యుద్ధం కథంతా ఒక కోడిపందెం చుట్టూ తిరుగుతుంది. నాగమ్మతో పందెం ఓడి బ్రహ్మనాయుడి పక్షం ఏడేళ్లు రాజ్యం వదిలి వెళ్లింది. అదే బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు. అదే చాపకూడు. కార్తీక అమావాస్యకు మొదలై అయిదు రోజులు సాగే కారెంపూడి వీరారాధన ఉత్సవాల్లో ఈ రెంటికీ చోటుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజులకు పేర్లు. మందపోరు నాడు చాపకూడు, మర్నాడు కోడిపోరు. పందెమూ పంక్తీ పక్కపక్కనే ఉన్నా ఎవరూ ఒకదాన్ని చూసి రెండోదనుకోరు.

ఆన్‌లైన్ ఆటలోనూ అంతే. డబ్బు కాసేది కోడిపోరు. నలుగురు ముక్కూమొహం తెలియనివాళ్లు ఒక జట్టుగా దిగి, పడిపోయినవాణ్ని లేపుతూ, దొరికిన మందుకట్టు పంచుకుంటూ చివరిదాకా నిలవడం చాపకూడు. గేమరు కల్లంలో తింటున్నది రెండోది.

అయితే ఈ చాప మీద అందరికీ సమానంగా వడ్డిస్తారనుకుంటే పొరపాటు. సాగర్ కుడి కాల్వ కింద ప్రకాశం జిల్లా చివరి భూములున్న రైతుకు ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. కాల్వ ఒకటే, నీరు ఒకటే. తలాపు రైతు మడి నిండి పొర్లుతుంటే చివరి రైతు గట్టు మీద ఎదురుచూస్తుంటాడు. ఆటలో ఆ నీటి పేరు పింగ్. కుర్రాడు మీట నొక్కిన సంగతి సర్వరుకు చేరి, జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం. లెక్క మిల్లీసెకన్లలో. హైదరాబాద్‌లో ఫైబర్ నెట్టు, ఐప్యాడు ఉన్నవాడికి అది 30 ఉంటే, టవరుకు దూరంగా కల్లంలో కూర్చున్నవాడికి 200 దాటి ఎర్రంకె చూపిస్తుంది. వీడు కాల్చేలోపే చచ్చిపోయి ఉంటాడు. గోడ వెనక్కి దూకాక కూడా తూటా తగులుతుంది, ఎందుకంటే సర్వరు లెక్కలో వీడింకా గోడ ముందే ఉన్నాడు. "నైపుణ్యం లేక ఓడాడు" అని అవతలివాడు నవ్వుతాడు. టెయిలెండు రైతును చూసి "సేద్యం చేతకాదు" అన్నట్టు.

ఆడేవాళ్లలో రకాలు చూడాలంటే పేకముక్కలు చాలు. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే విద్యార్థులు మడ్ అనే ఆట మొదలుపెట్టారు. బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. ఒకే లోకంలో పలువురు కలిసి ఆడే ఆటల మూలపురుషుల్లో అదొకటి. ఆ ఆటల్లో జనం ఎందుకు తిరుగుతారో గమనించి 1996లో బార్టిల్ ఒక వ్యాసం రాశాడు. ఆటగాళ్లను నాలుగు రంగులుగా విడదీశాడు. డైమన్లు సంపద, హోదా కోసం ఆడతారు. ఇస్పేట్లు పారతో తవ్వినట్టు ఆట లోకాన్ని మూలమూలా తవ్వి చూస్తారు. ఆఠీన్లు మనుషుల కోసం వస్తారు. కళావర్లు, అంటే దుడ్డుకర్రలు, ఇతరుల్ని కొట్టడానికే వస్తారు.

మన కల్లాల్లో నాలుగు రంగులూ ఉన్నాయి. బ్రాంజి నుంచి కాంకరర్ దాకా ర్యాంకు ఎక్కడమే పరమార్థం అనుకునేవాడు డైమను. ఎరాంగెల్ ద్వీపంలో ఏ మేడ మీద నుంచి దూకితే ఏ కిటికీలో పడతామో కనిపెట్టేవాడు ఇస్పేటు. ఆట మొదలుపెట్టకుండా లాబీలో గంటసేపు కబుర్లు చెప్పేవాడు ఆఠీను. కష్టమంతా కళావరుతో. వాడికి శత్రువును చంపితే చాలదు, జట్టులో పక్కవాణ్ని ఏడిపించాలి.

గేమరు తన ఇంటి సంగతి దాచకుండా ఒప్పుకోవలసిన చోటు ఇదే. ఆట గెలుస్తున్నంతసేపూ కులం అడగని నోరు, ఓడగానే మొదట ఎత్తేది కులం పేరే. తర్వాత తల్లి, అక్కచెల్లెళ్లు. ఆ తర్వాత హీరో, పార్టీ. ఆడపిల్ల గొంతు వినపడగానే ఏం జరుగుతుందో ఆడేవాళ్లందరికీ తెలుసు. అందుకే బాగా ఆడే అమ్మాయిలు చాలామంది మైకు కట్టేసి, మగపేరు పెట్టుకుని ఆడతారు. చాప మీద కూర్చోబెట్టి విస్తరి లాగేయడమంటే ఇదే.

"కుర్రాళ్లన్నాక బూతులు మామూలే" అని కొట్టిపారేసేవాళ్లకు ఒక ఉదాహరణ ఉంది. లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆట తయారుచేసిన రయట్ గేమ్స్ ఒకప్పుడు చిన్న మార్పు చేసి చూసింది. ఎదుటి జట్టుతో మాటలు కలిపే సదుపాయాన్ని తీసెయ్యలేదు, మొదట కట్టేసి ఉంచింది. కావాలనుకున్నవాళ్లు తెరుచుకోవచ్చు. జనం తెరుచుకున్నారు, మాట్లాడుకున్నారు, కానీ తిట్లు బాగా తగ్గాయి. ఆ కంపెనీ పరిశీలనలో తేలింది ఇంకొకటుంది. తిట్లలో ఎక్కువ భాగం కరడుగట్టిన కొద్దిమందివి కావు, ఆ రోజు చిరాకులో ఉన్న మామూలు ఆటగాళ్లవి. అంటే మందు బయటెక్కడో లేదు. గడియ ఎటు పెట్టాలో తెలిసిన కంపెనీ చేతిలో కొంత, నోరుజారిన మనబోటి వాడి చేతిలో కొంత ఉంది.

కంపెనీలను అడగాల్సింది ఇంకా ఉంది. పందెం వీధి గుమ్మంలోంచి పోయి దొడ్డిదారిన లోపలికొచ్చింది. ఆటలో అమ్మే పెట్టెలు చూడండి. యూసీలనే ఆట నాణేలు కొనాలి, పెట్టె తెరవాలి, లోపల మెరిసే చొక్కా వస్తుందో పనికిమాలిన టోపీ వస్తుందో తెలియదు. రాకపోతే ఇంకో పెట్టె. బెల్జియం 2018లోనే ఇలాంటి పెట్టెల్ని జూదంగా తేల్చింది. మన దగ్గర, తిరిగి డబ్బు వచ్చే పందెం కాదు కదా అని, వాటి గురించి పెద్దగా చర్చే లేదు. తండ్రి ఫోన్లో యూపీఐ పిన్ తెలిసిన ఎనిమిదో తరగతి పిల్లాడికి మాత్రం ఆ తేడా తెలియదు.

ఇక సమయం సంగతి. రాత్రి రెండింటిదాకా ఆడి పొద్దున కాలేజీలో నిద్రపోయేవాడికి సమస్య లేదని ఎవరూ అనరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ వ్యసనాన్ని జబ్బుల పట్టికలో చేర్చింది, 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. ఆ నిర్వచనంలో గంటల లెక్క లేదు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నీ దాని వెనక పడటం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం, సాధారణంగా ఏడాదిపాటు ఇలా సాగడం ఉండాలి. సంక్రాంతి సెలవుల్లో నాలుగు రోజులు ఆడినవాడు ఆ లెక్కలోకి రాడు.

ఎన్ని గంటలన్నదే కాదు, ఆ గంటల్లో ఎవరితో ఉన్నాడన్నదీ చూడాలి. నార్వేలో మాట్స్ స్టీన్ అనే యువకుడుండేవాడు. కండరాలు క్షీణించే జబ్బుతో చక్రాల కుర్చీకే పరిమితమై, ఏళ్ల తరబడి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆడాడు. బిడ్డ ఒంటరిగా గడిపేశాడని తల్లిదండ్రులు కుమిలిపోయారు. 2014లో 25 ఏళ్ల వయసులో అతను చనిపోయాడు. ఆ కబురు ఆటలోని మిత్రులకు తెలిశాక వరసగా సందేశాలు వచ్చిపడ్డాయి. తమ కష్టాల్లో అతను ఎలా తోడున్నాడో ఒక్కొక్కరూ రాశారు, కొందరు వేరే దేశాల నుంచి అంత్యక్రియలకు వచ్చారు. ఆ ఆటలో అతని పేరు ఐబెలిన్. కొడుకుకు అంతమంది ఆత్మీయులున్నారని ఆ తల్లిదండ్రులకు తెలిసింది అతను పోయాకే.

మన తల్లిదండ్రులు అంతదాకా ఆగనక్కర్లేదు. కల్లం దగ్గరికి అన్నం క్యారేజీ పట్టుకెళ్లినప్పుడు "ఇంకా ఎంతసేపురా?" అని కాకుండా "ఎవరెవరు ఆడుతున్నార్రా?" అని ఒకసారి అడిగి చూడండి. డబ్బేమైనా కడుతున్నాడేమో, ఎవరైనా భయపెడుతున్నారేమో, ఎవరితో మాట కలిసిందో ఆ ఒక్క ప్రశ్నలోనే బయటికొస్తుంది. ఇక కల్లంలో కుర్రాడా, పందెం సంగతి చట్టం చూసుకుంటుంది. నీ జట్టులో కులం పేరు ఎత్తినవాణ్ని, ఆడపిల్లను ఏడిపించినవాణ్ని చూసి ఊరుకోవద్దు. మ్యాచ్ అయ్యాక వాడి పేరు మీద రిపోర్టు కొట్టు. దానికి మంచి నెట్టు కూడా అక్కర్లేదు, కల్లంలో ఉన్న ఆ ఒక్క గీత సిగ్నలు సరిపోతుంది.