కనిపించడమే రక్ష

"ఎవరి కంటా పడకుండా వెళ్లి రా తల్లీ!" ఆడపిల్ల గడప దాటుతుంటే మన ఇళ్లలో వినిపించే మాట ఇది. తల వంచుకుని నడిచిన రోజుల నాటి మాట. సైకిలెక్కిన పిల్లకు ఇది పనికిరాదు సరికదా, ప్రాణం మీదికి తెస్తుంది. రోడ్డు మీద ఆమె ఎంత దూరం నుంచి కనిపిస్తే అంత క్షేమం.

మా అమ్రాబాద్‌కు దగ్గర్లోనే మన్ననూరు, హైదరాబాద్-శ్రీశైలం రోడ్డు. నల్లమలలోని వన్యప్రాణుల కోసం మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలు ఆపేస్తారు. మంచి పనే. అయితే గేటు పడేలోపు అడవి దాటాలని సాయంత్రం బండ్లన్నిటికీ తొందరే. శివరాత్రి రోజుల్లో చెప్పనే అక్కర్లేదు. సరిగ్గా ఆ పొద్దుగూకే వేళే ట్యూషన్ల నుంచి పిల్లలు, పనుల నుంచి ఆడవాళ్లు ఇళ్లకు మళ్లేది. వెలుగు సగం పోయి ఉంటుంది, కొందరు డ్రైవర్లు ఇంకా లైట్లు వేసి ఉండరు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దూసుకొస్తుంది. మనిషిని చూసి, డ్రైవరు బ్రేకు మీద కాలు వేసేలోపే ఆ దూరం కాస్తా అయిపోతుంది. ఆపైన బండి ఆగడానికి ఇంకొంత దూరం కావాలి. ముదురు రంగు బట్టలు, నల్ల బ్యాగు, పాత సైకిలు చీకట్లో కలిసిపోతే ఇక ఆగేదెక్కడ?

పెద్ద ఖర్చేమీ కాదు. సైకిలుకు ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు పెట్టించండి. వెనక ఎర్ర రిఫ్లెక్టరు, పెడళ్లకు పసుపువి తప్పనిసరి. పెడళ్లతో పాటు పైకీ కిందికీ కదిలే ఆ మెరుపు చూడగానే అది సైకిలని డ్రైవరుకు తెలుస్తుంది. రిఫ్లెక్టరు తనంతట తాను వెలగదు. బండి లైటునే తిరిగి డ్రైవరు కంటికి పంపుతుంది. అందుకే దుమ్ము పట్టినా, బ్యాగు అడ్డొచ్చినా ఉండీ లేనట్టే. లేత రంగు బట్టలు పగలు, సంధ్యవేళ మేలు. బాగా చీకటి పడ్డాక వాటినే నమ్ముకోకూడదు. చున్నీ కొసలు నడుముకు కట్టుకోవాలి. చైన్ కవరు, వెనక చక్రానికి జాలీ ఉండాలి.

నడిపే తీరూ ముఖ్యమే. ఎడమ పక్కన, వంకర్లు లేకుండా సాగాలి. ఎదురు దిశలో పోకూడదు. మలుపు తిరిగే ముందు వెనక్కి చూసి చెయ్యి చాపాలి. లారీకి, బస్సుకి ఎడమవైపు సందులో దూరకూడదు. డ్రైవరుకు ఆ చోటు కనిపించదు.

ఎక్కడో ప్రమాదం జరిగిందని వినగానే మన ఇళ్లలో జరిగేదేమిటి? అన్న సైకిలు అలాగే ఉంటుంది, చెల్లెలి సైకిలు అటక ఎక్కుతుంది. ఆటో చార్జీలు భారమైతే చదువూ దాని వెంటే పోతుంది. తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల తొలినాళ్లలో అక్షరాస్యత ఉద్యమంతో పాటే వేలాది పేద స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. బీహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇప్పించడం మొదలుపెట్టాక హైస్కూళ్లలో వాళ్ల సంఖ్య పెరిగింది. సైకిలు ఆడపిల్లకు ఏమిస్తుందో ఇంతకంటే చెప్పాలా? భయానికి మందు సైకిలు మాన్పించడం కాదు, దానికి వెలుగు పెట్టించడం.

భారమంతా పిల్ల మీదే వేయడమూ న్యాయం కాదు. ఊరి మొదట్లో స్తంభానికి లైటు వెలగాలి. మలుపుల్లో చూపుకు అడ్డొచ్చే ముళ్లకంప కొట్టించాలి. పంచాయతీని మన మహిళా సంఘాలు అడగాల్సిన పనులివి. బండి నడిపే మన మగవాళ్లకు ఊళ్ల దగ్గర నిదానించమని చెప్పాల్సిందీ మనమే.

ఈ ఆదివారం మీ ఇంట్లో సైకిలును ఒకసారి వెనక నుంచి చూడండి. ఆ ఎర్ర రిఫ్లెక్టరు ఉందా? ఉంటే తడిగుడ్డతో తుడవండి. లేకపోతే సోమవారం బడికి పంపేలోపు బిగించండి.