ఎవరి వేలి మీద తేల్చిన లెక్క?

2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండో విడత తెలుగు ఊళ్లను ముంచెత్తినప్పుడు ఒక అంకె ఇంటింటి మాటైంది. ఫోన్ ఎత్తగానే జ్వరం సంగతి కంటే ముందు ‘శాచురేషన్ ఎంతుంది?’ అని అడిగేవారు. రక్తంలో ఆక్సిజన్ శాతం 97 అంటే ధైర్యం. 92 అంటే బెడ్డు కోసం, సిలిండర్ కోసం పరుగు. ఢిల్లీ ఎయిమ్స్, భారత వైద్య పరిశోధన మండలి కలిసి ఇచ్చిన చికిత్స మార్గదర్శకాలు కూడా ఆ అంకె దగ్గరే గీతలు గీశాయి. 90 నుంచి 93 మధ్య ఉంటే వార్డులో చేర్చాలి, 90 కంటే తగ్గితే ఐసీయూకి పంపాలి. శ్వాస వేగాన్ని కూడా లెక్కపెట్టమని అందులో ఉంది గానీ, ఇళ్లలో జనం నమ్ముకున్నది వేలికి తగిలించే క్లిప్పునే, అంటే పల్స్ ఆక్సీమీటర్‌నే.

ఎవరు ఇంట్లో ఉండాలో, ఎవరు ఆసుపత్రికి వెళ్లాలో తేల్చిన ఆ క్లిప్పును అసలు ఎవరి వేళ్ల మీద పరీక్షించారు? ఇటీవలి ఏళ్లలో ఈ ప్రశ్నను ఇంజనీర్లు, వైద్యులు, విజ్ఞాన చరిత్రను తవ్వేవారు తలా ఒక వైపు నుంచి పట్టుకున్నారు. బయటపడిన సంగతి నల్లటి, చామనచాయ చర్మం ఉన్న ప్రతి సమాజమూ తెలుసుకోవలసింది. తెలుగువారికి మరీ ముఖ్యం.

2020 డిసెంబర్‌లో మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యుడు మైకేల్ సియోడింగ్, ఆయన సహచరులు ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఒక చిన్న పరిశోధన పత్రం ప్రచురించారు. ఆసుపత్రిలో ఆక్సిజన్ మీదున్న రోగులకు వేలి క్లిప్పు ఎలాగూ ఉంటుంది. అవసరమైనప్పుడు ధమని నుంచి రక్తం తీసి, అందులో ఆక్సిజన్ ఎంతుందో ల్యాబ్‌లో కొలుస్తారు. పది నిమిషాల తేడాలో నమోదైన ఈ రెండు కొలతలను వారు పక్కపక్కన పెట్టి చూశారు. క్లిప్పు 92 నుంచి 96 వరకు చూపిస్తున్నప్పుడు అసలు రక్తంలో 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలెన్ని? తెల్లవారిలో 3.6 శాతం, నల్లవారిలో 11.7 శాతం. అంటే నల్ల రోగి ఆక్సిజన్ అందక అల్లాడుతున్నా, తెరమీది అంకె ‘ఫర్వాలేదు’ అంటున్న సందర్భాలు మూడు రెట్లు ఎక్కువ. 178 ఆసుపత్రుల పాత రికార్డుల్లో వెతికితే అక్కడా దాదాపు ఇదే నిష్పత్తి కనిపించింది. 2022లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకుల బృందం కొవిడ్ రోగుల రికార్డులు తిరగేసినప్పుడు, ఇలా ఎక్కువ చూపించడం ఆసియా మూలాలున్న రోగుల్లో కూడా ఉందని తేలింది. క్లిప్పు అంకెను నమ్మినందువల్ల నల్ల, హిస్పానిక్ రోగులకు చికిత్స అర్హతను గుర్తించడం ఆలస్యమైందని కూడా ఆ పత్రం చెప్పింది.

ఈ పరికరం ఎలా పనిచేస్తుందో తెలిస్తే, లోపం ఎక్కడ దూరిందో అర్థమవుతుంది. క్లిప్పు ఒక వైపు నుంచి రెండు రకాల కాంతిని వేలిలోకి పంపుతుంది. ఒకటి 660 నానోమీటర్ల ఎరుపు, రెండోది 940 నానోమీటర్ల దగ్గరి పరారుణం. ఆక్సిజన్ నింపుకున్న హిమోగ్లోబిన్ ఎరుపును తక్కువగా, పరారుణాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. ఆక్సిజన్ వదిలేసింది దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. వేలి అవతలి వైపు చేరిన కాంతిని ఒక సెన్సర్ పట్టుకుంటుంది. చర్మం, ఎముక, సిరల్లోని రక్తం కూడా కాంతిని మింగుతాయి కదా, మరి ధమని రక్తాన్ని విడిగా ఎలా చూడాలి? ఇంజనీర్లు చాలా కాలం తల బద్దలు కొట్టుకున్న సమస్య ఇది.

దాన్ని విడదీసినవాడు జపాన్‌కు చెందిన టకువో అఓయగి. ఆయన నిహోన్ కోడెన్ కంపెనీలో ఇంజనీరు. 1970ల మొదట్లో ఆయన పని వేరు. రక్తంలోకి రంగు ఎక్కించి, చెవి తమ్మెలో కాంతితో ఆ రంగు పలచబడే తీరు చూసి, గుండె ఎంత రక్తం పంపుతోందో లెక్కగట్టాలి. కానీ గుండె కొట్టుకున్నప్పుడల్లా గీత ఊగుతూ లెక్క చెడగొట్టేది. ఆ ఊగిసలాటను తీసెయ్యాలని కూర్చున్న మనిషికి, అందులోనే అసలు సమాచారం ఉందని తట్టింది. కొట్టుకునేది ధమని మాత్రమే. చర్మం, ఎముక కదలవు. కదిలే భాగాన్ని కదలని భాగంతో భాగించి, రెండు రంగుల దగ్గరా వచ్చిన ఆ నిష్పత్తులను మళ్లీ పోల్చితే ధమని రక్తంలో ఆక్సిజన్ ఎంతో తెలుస్తుంది. 1974లో నిహోన్ కోడెన్ పేటెంటుకు దరఖాస్తు చేసింది. మరో జపాన్ కంపెనీ మినోల్టా దాదాపు అదే ఆలోచనతో కొన్ని వారాల తర్వాత దరఖాస్తు పెట్టింది. 1980ల్లో అమెరికాలోని బయాక్స్, నెల్‌కోర్ కంపెనీలు దాన్ని ఆపరేషన్ థియేటర్లలోకి తెచ్చాయి. ఆ దశాబ్దం ముగిసేసరికి మత్తు డాక్టర్లకు ఈ క్లిప్పు లేకుండా చెయ్యి ఆడని స్థితి వచ్చింది. అఓయగి 2020 ఏప్రిల్‌లో, ప్రపంచం ఆయన పరికరం కోసం దుకాణాల ముందు నిలబడ్డ రోజుల్లోనే కన్నుమూశారు. వైద్యంలో అంతగా ప్రాణాలు నిలబెట్టిన ఆలోచనలు తక్కువ. ఇక్కడి విమర్శ ఆయన మీద కాదు.

చిక్కు రెండు చోట్ల ఉంది. మొదటిది, నిష్పత్తి తీస్తే చర్మం రంగు ప్రభావం కొట్టుకుపోవాలన్నది కాగితం మీది లెక్క. క్లిప్పులో కాంతినిచ్చే నిజమైన ఎల్‌ఈడీ ఒకే తరంగదైర్ఘ్యం దగ్గర ఆగదు, చుట్టుపక్కలకు కొంత పరచుకుంటుంది. చర్మంలోని మెలనిన్ ఆ పరపులో కొంత భాగాన్ని ఎక్కువగా, కొంత భాగాన్ని తక్కువగా మింగుతుంది. చల్లబడ్డ వేళ్లు, రక్తం సరిగా అందని వేళ్లు అయితే అసలే బలహీనమైన సంకేతం ఇంకా బలహీనమవుతుంది. రెండోది మరీ ముఖ్యం. నిష్పత్తి నుంచి శాతానికి వెళ్లే దారి పూర్తిగా భౌతికశాస్త్ర సూత్రం కాదు. ఆరోగ్యవంతులైన వాలంటీర్ల చేత ఆక్సిజన్ తగ్గించిన గాలి పీల్పించి, మధ్యమధ్య వారి ధమని రక్తం తీసి కొలిచి, ‘ఈ నిష్పత్తి వస్తే ఈ శాతం’ అని ఒక పట్టిక తయారు చేస్తారు. ఆ పట్టికే పరికరం లోపల కూర్చుంటుంది. ఆ వాలంటీర్లు ఎవరన్నదే అసలు సంగతి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం పదిమంది సరిపోతారు. వారిలో ముదురు చర్మం ఉన్నవారు ఇద్దరు, లేదా 15 శాతం ఉండాలి. ఇక మందుల దుకాణంలో ‘సాధారణ ఆరోగ్య’ వస్తువుగా అమ్మే క్లిప్పులను ఆ సంస్థ పరిశీలించనే పరిశీలించదు.

ఇదంతా 2020లో హఠాత్తుగా కనిపెట్టిన సంగతా? కాదు, బాధ అక్కడే ఉంది. 1990లోనే షికాగో ప్రాంతపు వైద్యులు అమల్ జుబ్రాన్, మార్టిన్ టోబిన్ ‘చెస్ట్’ పత్రికలో రాశారు. వెంటిలేటర్ మీదున్న తెల్ల రోగులకు 92 శాతం లక్ష్యంగా పెట్టుకుంటే సరిపోతుందనీ, నల్ల రోగులకు అదే 92 ప్రమాదకరమనీ, వారికి 95 పెట్టుకోవాలనీ వారి లెక్క. 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫిలిప్ బిక్లర్ బృందం వాలంటీర్ల మీద చేసిన ప్రయోగంలో, ఆక్సిజన్ తగ్గేకొద్దీ ముదురు చర్మం దగ్గర తప్పు పెరుగుతోందని తేలింది. ఆ పత్రాలు గ్రంథాలయాల్లో ఉన్నాయి. ఆసుపత్రి మంచం దగ్గరికి రాలేదు.

మళ్లీ వాటిని వెలికి తీసింది వైద్యురాలు కాదు, ఇంజనీరూ కాదు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో మానవశాస్త్రం బోధించే ఎమీ మోరన్-థామస్. కొవిడ్ రోజుల్లో ఇంటికి తెచ్చుకున్న క్లిప్పు చరిత్ర వెతకబోయి, ఆమె 1970ల దాకా వెళ్లారు. హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ అప్పట్లో చెవికి తగిలించే పెద్ద ఆక్సీమీటర్ తయారు చేసింది. అది రెండు కాదు, ఎనిమిది తరంగదైర్ఘ్యాలు వాడేది. చర్మం రంగును లెక్కలోకి తీసుకోవాలన్న స్పృహ దాని తయారీలోనే ఉంది. చిన్నవీ చవకవీ అయిన క్లిప్పులు వచ్చాక ఆ జాగ్రత్త వెనకబడింది. 2020 ఆగస్టులో ‘బోస్టన్ రివ్యూ’లో ఆమె రాసిన వ్యాసం మిషిగన్ వైద్యుల చేతికి చేరింది. దాన్ని చదివాకే వారు తమ రికార్డుల్లో కొలతలు పోల్చి చూశారు. చరిత్ర చదివిన మనిషి ప్రశ్న వేస్తే వైద్యులు నాలుగు నెలల్లో జవాబు తెచ్చారు. ముప్పై ఏళ్లు పట్టింది ప్రశ్నను మళ్లీ అడగడానికే.

పరీక్షకు ఎవరిని, ఏ స్థితిలో ఎంచుకున్నామన్నది ఫలితాన్ని ఎంత మారుస్తుందో హైదరాబాద్‌కు ఒకసారి అనుభవమైంది. 1888, 1889లో ఇక్కడ రెండు క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. మత్తు కోసం ఇచ్చే క్లోరోఫామ్‌తో కొందరు ఉన్నట్టుండి చనిపోతున్నారు. ముందు ఆగేది గుండెనా, శ్వాసా? అదీ వివాదం. హైదరాబాద్ వైద్య పాఠశాల ప్రధానాధికారి ఎడ్వర్డ్ లారీ శ్వాసే అని వాదించాడు. ‘లాన్సెట్’ పత్రిక ఒప్పుకోలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, ఆ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్‌ను లండన్ నుంచి రప్పించాడు. నాలుగు వందలకు పైగా జంతువుల మీద ప్రయోగాలు చేసి, లారీ మాటే సరైందని ప్రకటించారు. తొలితరం మహిళా మత్తు వైద్యుల్లో ఒకరైన రూపాబాయి ఫర్దూంజీ ఆ కృషిలో పాలుపంచుకున్నారు. ఆ కాలానికి అది భారీ ప్రయోగం, హైదరాబాద్ గర్వించదగ్గ చరిత్ర. అయినా 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో మరో సంగతి బయటపడింది. మత్తు లోతుగా కాక పైపైన ఉన్నప్పుడు క్లోరోఫామ్ గుండె లయను చెదరగొట్టి నేరుగా చంపగలదు. హైదరాబాద్‌లో వందల జంతువులను పరీక్షించినా, ప్రధానంగా చూసింది లోతైన మత్తునే. సంఖ్య పెద్దదైనంత మాత్రాన ప్రశ్న పూర్తికాలేదు.

వేలి క్లిప్పుకూ ఇదే వర్తిస్తుంది. 2025 జనవరిలో అమెరికా నియంత్రణ సంస్థ కొత్త ముసాయిదా విడుదల చేసింది. ఆసుపత్రి వాడకపు పరికరాన్ని కనీసం 150 మంది మీద పరీక్షించాలనీ, వారి చర్మం రంగును హార్వర్డ్ సామాజికశాస్త్రవేత్త ఎల్లిస్ మంక్ రూపొందించిన పది ఛాయల కొలమానంతోనూ, కాంతి పరికరంతోనూ నమోదు చేయాలనీ అందులో ఉంది. అంతకుముందు వాడుతూ వచ్చింది 1975 నాటి ఫిట్జ్‌పాట్రిక్ కొలమానం. చర్మవ్యాధులకు అతినీలలోహిత కిరణాల మోతాదు నిర్ణయించడానికి పుట్టిన పద్ధతి అది. మొదట తెల్ల చర్మానికే నాలుగు గడులు గీసి, మిగతా ప్రపంచాన్ని తర్వాత చేర్చారు. తెలుగు నేల మీద కనిపించే చాయలన్నిటినీ అందులో చివరి రెండు మూడు గడుల్లో సర్దుకోవాలి. బ్రిటన్‌లో ప్రొఫెసర్ మార్గరెట్ వైట్‌హెడ్ నేతృత్వంలోని స్వతంత్ర సమీక్ష కూడా 2024 మార్చిలో ఈ పక్షపాతాన్ని ధ్రువీకరించి, చర్యలు కోరింది.

భారత ప్రభుత్వం 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నిటినీ ఔషధాల చట్టం కిందికి తెచ్చింది. 2021 జూలైలో ఆక్సీమీటర్ల మీద వ్యాపారుల లాభానికి 70 శాతం పరిమితి విధించింది. ధర మీద చూపిన ఆ శ్రద్ధ మంచిదే. ఖచ్చితత్వం మీద కూడా అంతే పట్టుదల కావాలి. ఎంతమంది మీద, ఏ చాయల మీద పరీక్షించారో పెట్టె మీద చూసి కొనగలిగే రోజు కొనేవారికి రావాలి.

మన చాయల మీద క్లిప్పు ఎంత తప్పు చూపుతోందో తేల్చడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. హైదరాబాద్, విశాఖ, విజయవాడ, తిరుపతి ఐసీయూల్లో రోజూ ధమని రక్తపు పరీక్షలు జరుగుతాయి. అదే క్షణాన మానిటర్ మీద క్లిప్పు అంకె వెలుగుతూ ఉంటుంది. ఈ రెంటినీ సమయంతో సహా రాసిపెట్టి, చేతి మీద చిన్న కాంతి పరికరంతో చర్మపు చాయ కొలిచి చేర్చితే మిషిగన్ చేసిన పనే ఇక్కడా చేయవచ్చు. వారి రికార్డుల్లో చర్మపు చాయ లేదు, రోగి తనను తాను ఏ జాతిగా చెప్పుకున్నాడన్నదే ఉంది. ఇక్కడ నేరుగా చాయనే కొలిస్తే వారి కంటే మెరుగైన అధ్యయనం అవుతుంది. ఐఐటీ హైదరాబాద్‌లో, ఉస్మానియాలో బయోమెడికల్ ఇంజనీరింగ్ విభాగాలున్నాయి. విశాఖలో మెడ్‌టెక్ జోన్, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉన్నాయి. పరికరం చేసేవారూ, దాన్ని వాడేవారూ కొన్ని గంటల ప్రయాణ దూరంలోనే ఉన్నారు. ఈ బృందాల్లో పాత పత్రాలు చదవగల చరిత్ర విద్యార్థికి కూడా ఒక కుర్చీ వేయాలి. 1990 నాటి పత్రాన్ని ఎవరో ఒకరు సమయానికి చదివి ఉంటే 2020లో వైద్యులు ఆ అంకెను ఇంకొంచెం అనుమానంగా చూసేవారు.

అంతవరకు వైద్యులు చేయగలిగింది కొంత ఉంది. 90 అని క్లిప్పు చూపితే అసలు విలువ 86 నుంచి 94 మధ్య ఎక్కడైనా ఉండవచ్చని అమెరికా నియంత్రణ సంస్థే 2021లో హెచ్చరించింది. కాబట్టి ఒక్క అంకె కంటే అది గంటగంటకూ ఎటు కదులుతోందో చూడాలి. నిమిషానికి ఎన్నిసార్లు శ్వాస తీసుకుంటున్నారో లెక్కపెట్టాలి. ఆయాసం ఉండి అంకె బాగుంటే, ఆయాసాన్ని నమ్మాలి.

ప్రభుత్వాల చేతిలో ఉన్నది టెండరు. రెండు రాష్ట్రాల ఆసుపత్రులకూ పరికరాలు కొనే ప్రభుత్వ సంస్థలు వచ్చే కొనుగోలులో ఒక షరతు చేర్చవచ్చు. ఎంతమంది వాలంటీర్ల మీద పరీక్షించారు, వారి చర్మపు చాయలేమిటి, ముదురు చాయల దగ్గర తప్పు ఎంత వచ్చింది అన్న మూడు వివరాలు కంపెనీ రాతపూర్వకంగా ఇవ్వాలి. ముసాయిదా ఖరారైతే అమెరికా మార్కెట్ కోసం 150 మంది మీద పరీక్ష చేయాల్సిన కంపెనీకి ఆ ఫైలు ఎలాగూ తయారవుతుంది. దాని నకలు ఒకటి హైదరాబాద్‌కూ, ఒకటి విజయవాడకూ పంపమని అడిగే హక్కు కొనేవారికి ఇప్పుడే ఉంది.