పాత కుంగ్‌ఫూ సినిమాకు అసలు ప్రతి ఏది?

ఇద్దరు యోధులు ఎదురెదురుగా నిలబడ్డారు. ఒకరు తెర ఎడమ అంచున, ఇంకొకరు కుడి అంచున. మధ్యలో ఖాళీ నేల. హాల్లో చూసినవాళ్ళకు ఉత్కంఠ అంతా ఆ ఖాళీలోనే ఉంది. అదే సినిమా క్యాసెట్‌కెక్కి ఇంట్లో టీవీకి వచ్చేసరికి ఇద్దరూ మాయమయ్యారు. మిగిలింది ఆ ఖాళీ నేల, అటు నుంచీ ఇటు నుంచీ వచ్చిపోయే పిడికిళ్ళు. 1980ల్లో హాంకాంగ్ కుంగ్‌ఫూ సినిమాలను ప్రపంచంలో ఎంతోమంది చూసింది ఈ అవతారంలోనే.

హాంకాంగ్‌లోని షా బ్రదర్స్ సంస్థ తన సినిమాలను ‘షాస్కోప్’ అనే వెడల్పాటి తెర కోసం తీసేది. ఆ బొమ్మ వెడల్పు ఎత్తుకు 2.35 రెట్లు. పాత టీవీ తెర వెడల్పు ఎత్తుకు 1.33 రెట్లే. టీవీని నిండుగా నింపాలంటే బొమ్మలో నూటికి 43 పాళ్ళు కోసెయ్యాలి. అలాగే కోశారు. ప్రింటు మీదే అచ్చయి ఉన్న ఇంగ్లీషు, చైనీస్ సబ్‌టైటిళ్ళనూ ఆ కత్తెర వదల్లేదు. వాక్యం మొదలూ చివరా తెగిపోయి నడిమి మాటలు మాత్రం మిగిలేవి. కథ ఊహించుకోవడం చూసేవాడి వంతు.

అందుకే ఈ సినిమాల అభిమానులు ఇద్దరు కలిస్తే మొదట మాట్లాడుకునేది హీరో గురించి కాదు, ప్రతి గురించి. ఏ దేశపు డిస్కు? నిడివి ఎంత? శబ్దం పాతదా, కొత్తగా కలిపిందా? బయటివాళ్ళకు ఇదంతా వెంట్రుకలు లెక్కపెట్టడంలా కనిపించవచ్చు. కానీ వాళ్ళు చేస్తున్న పని తెలుగువాళ్ళకు బాగా తెలిసినదే. సి.పి. బ్రౌన్ ఊరూరి నుంచీ తాళపత్రాలు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి, ఒక ప్రతిని ఇంకో ప్రతితో సరిచూయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేయించడం వెనుకా ఇలాంటి శ్రమే ఉంది. పాఠాంతరం ఏది, ప్రక్షిప్తం ఏది అని పరిష్కర్తలు ఎలా తేల్చేవారో, ఈ అభిమానులు సినిమా విషయంలో అలాగే తేలుస్తున్నారు. చాలాసార్లు హక్కులున్న సంస్థల కన్నా శ్రద్ధగా చేస్తున్నారు. వాళ్ళ గొంతు ఆ సంస్థలు వినాలి.

కుంగ్‌ఫూ సినిమాకు ఈ పట్టింపు మరీ అవసరం. ‘ది 36త్ చాంబర్ ఆఫ్ షావొలిన్’ (1978) తీసిన లౌ కార్ లియుంగ్ దర్శకుడు కావడానికి ముందు ఫైట్ మాస్టర్, అంతకు ముందే కుంగ్‌ఫూ గురువుల ఇంటి బిడ్డ. ఆయన తండ్రి లామ్ సాయ్ వింగ్ శిష్యుడు. లామ్ సాయ్ వింగేమో ఎన్నో సినిమాలకు కథానాయకుడైన వాంగ్ ఫెయ్ హుంగ్ శిష్యుడు. ఆ పరంపరలో వచ్చినవాడు కాబట్టే లౌ తన పోరాటాల్లో మనిషిని పాదం నుంచి తల దాకా చూపించాడు. ఎక్కడ అడుగు పడింది, నడుము ఎటు తిరిగింది, దెబ్బకు బలం ఎక్కడి నుంచి వచ్చింది అన్నది ప్రేక్షకుడు చదువుకోగలగాలి. అలాంటి ఫ్రేములో సగానికి కాస్త తక్కువ కోసేస్తే పోయేది అలంకారం కాదు, విషయమే.

వేగం సంగతీ అంతే. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది. ఐరోపాలో వాడిన పాల్ పద్ధతి వీడియో 25 ఫ్రేములతో నడుస్తుంది. సినిమాను ఆ వీడియోలోకి ఎక్కించేటప్పుడు ఉన్నదున్నట్టు కాస్త వేగంగా తిప్పేసేవారు. 100 నిమిషాల సినిమా 96 నిమిషాల్లో అయిపోతుంది, గొంతులు సన్నబడతాయి. కుటుంబ కథా చిత్రంలో ఈ తేడా ఎవరికీ పట్టకపోవచ్చు. కానీ కొన్ని దెబ్బలు ఎంత చురుగ్గా కనిపించాలో లెక్కవేసుకుని, కెమెరాను కావాలనే కొద్దిగా నెమ్మదిగా తిప్పి తీసిన పోరాటం మీద ఇంకో 4 శాతం వేగం వచ్చి పడితే ఆ లెక్క చెడిపోతుంది.

అభిమానులను అన్నిటికన్నా బాధపెట్టింది శబ్దం. షా బ్రదర్స్ తీసిన సుమారు వెయ్యి సినిమాల్లో చాలా భాగం ఏళ్ళ తరబడి అధికారిక వీడియోలో దొరకలేదు. 2000లో సెలెస్టియల్ పిక్చర్స్ 760 సినిమాల హక్కులు కొని, నెగటివ్‌లు శుభ్రం చేయించి, 2002 చివరి నుంచి హాంకాంగ్‌లో డీవీడీలు విడుదల చేయించింది. గీతలూ మరకలూ లేని బొమ్మ, పూర్తి వెడల్పు, వెలిసిపోని రంగులు. ఎన్నో ఏళ్ళ ఎదురుచూపు ఫలించింది. డిస్కు పెట్టి చూస్తే మాత్రం చాలా వాటిలో చెవికి ఏదో తేడా కొట్టింది. పాత మోనో శబ్దాన్ని ఆరు స్పీకర్ల 5.1గా మార్చే క్రమంలో కొత్త అడుగుల చప్పుళ్ళు, కొత్త కత్తుల ఖణఖణలు చేర్చారు. కొన్ని చోట్ల సంగీతమే మారింది.

ఆ పాత చప్పుళ్ళ విలువ తెలియాలంటే ఆ సినిమాలు ఎలా తయారయ్యాయో గుర్తు చేసుకోవాలి. అప్పట్లో హాంకాంగ్‌లో షూటింగు దగ్గర శబ్దం పట్టుకోవడం అరుదు. మాట, ఊపిరి, దెబ్బ అన్నీ తర్వాత స్టూడియోలో కలిపినవే. గాలిని చీల్చే ఆ ‘హుష్’, ఎండు కట్టె విరిగినట్టుండే ఆ ‘ఠప్’ కుంగ్‌ఫూ సినిమాకు తాళం లాంటివి. హరికథలో చిడతల మోత తీసేసి వేరే వాద్యం పెడితే కథ అదే ఉంటుంది, హరికథ ఉండదు.

కొత్త శబ్దం పెట్టొద్దని ఎవరూ అనడం లేదు. ఇంట్లో ఆరు స్పీకర్లు ఉన్నవాళ్ళకు అదీ కావచ్చు. పాతదాన్ని తీసెయ్యడమే తప్పు. ఖర్చు, చోటు అని సాకులు చెప్పడానికీ వీల్లేదు. సెకనుకు 192 కిలోబిట్ల మోనో ట్రాకు 100 నిమిషాల సినిమాకు 150 ఎంబీ కూడా కాదు. బ్లూ-రేలో ఉండే చోటు 50 జీబీ.

ప్రక్షిప్తాలకు పరాకాష్ఠ ‘గేమ్ ఆఫ్ డెత్’. బ్రూస్ లీ 1972లో ఆ సినిమా మొదలుపెట్టి, ‘ఎంటర్ ది డ్రాగన్’ కోసం మధ్యలో ఆపి, 1973 జూలై 20న 32 ఏళ్ళకే కన్నుమూశాడు. ఒక్కో అంతస్తులో ఒక్కో యోధుణ్ణి ఓడిస్తూ, సహచరులతో కలిసి పగోడా ఎక్కడం అతను అనుకున్న కథ. 1978లో నిర్మాతలు వేరే దర్శకుడితో వేరే కథ అల్లారు. డూపులను పెట్టారు. ఒక షాట్‌లో అద్దం మీద లీ ముఖం బొమ్మ అతికించారు. చివరికి అతని అంత్యక్రియల దృశ్యాలనూ కథలో వాడుకున్నారు. లీ తీసిన పోరాటంలో అందులోకి వచ్చింది పదకొండు నిమిషాల పైచిలుకే, సహచరులు కత్తిరింపులో పోయారు.

నన్నయ ఆపిన చోట అరణ్యపర్వాన్ని ఎర్రన అందుకున్నప్పుడు, పూర్వకవి నడక చెడకూడదని ఎంత జాగ్రత్తపడ్డాడో తెలుగు పాఠకులకు తెలుసు. 1978 సినిమాలో లేనిది ఆ మర్యాదే. దాన్ని తిరిగి తెచ్చింది ప్రతులు వెతికేవాళ్ళు. నిర్మాణ సంస్థ గోల్డెన్ హార్వెస్ట్ భాండాగారంలో పాత రీళ్ళు బయటపడ్డాయి. 2000లో జాన్ లిటిల్ తీసిన ‘బ్రూస్ లీ: ఎ వారియర్స్ జర్నీ’ డాక్యుమెంటరీలో ఆ పోరాటాన్ని లీ రాసుకున్న క్రమంలో కూర్చి చూపించారు. సహచరులు తిరిగి వచ్చారు, పోరాటంలోని ఆలోచనా తిరిగి వచ్చింది. ఈ రెండింటినీ పక్కపక్కన చూసినవారెవరూ ‘ప్రతి ఏదైతేనేం’ అనలేరు.

సెన్సార్ కత్తెరదీ ఒక చరిత్రే. బ్రిటన్ సెన్సార్ సంస్థకు 1975 నుంచి 1999 దాకా నాయకత్వం వహించిన జేమ్స్ ఫెర్మన్‌కు గొలుసుతో కలిపిన జంట కర్రల ఆయుధం నన్‌చాకులంటే గట్టి అభ్యంతరం. కుర్రాళ్ళు వాటిని తయారుచేసుకుని వీధుల్లోకి వస్తారని భయం. దాంతో ‘ఎంటర్ ది డ్రాగన్’లో బ్రూస్ లీ నన్‌చాకులు తిప్పే షాట్లు ఎగిరిపోయాయి. బ్రిటన్ వీడియోలో అవి తిరిగి వచ్చింది 2001లోనే. అంటే అక్కడ ఒక తరం మొత్తం లీ అనగానే ప్రపంచానికి గుర్తొచ్చే ఆ దృశ్యం చూడకుండానే అతని అభిమానులయ్యారు.

అమెరికాలో కత్తెర పట్టింది వ్యాపారం. జాకీ చాన్ ‘డ్రంకెన్ మాస్టర్ 2’ 1994 నాటి సినిమా. 2000లో అక్కడ కొత్త పేరుతో విడుదల చేసినప్పుడు ఇంగ్లీషు డబ్బింగ్ చేసి, సంగీతం మార్చి, హీరో పారిశ్రామిక ఆల్కహాల్ తాగినందుకు మతి చలించినట్టు చూపే చివరి ఘట్టం తీసేశారు. ఆ ఘట్టం నచ్చకపోవచ్చు, అందులోని హాస్యం మోటుగా ఉందనీ అనవచ్చు. కానీ తీసిన సంగతి కొన్నవాడికి చెప్పాలి. 1978 నాటి మొదటి ‘డ్రంకెన్ మాస్టర్’ది ఇంకో కష్టం. కాంటనీస్ శబ్దం కొంత మేర దొరకలేదు. ఆ చోట్ల మాండరిన్ అతికించి డీవీడీ తెచ్చారు. మాట్లాడుతూ మాట్లాడుతూ పాత్రల భాష మారిపోతుంది. ఇది మోసం కాదు, నష్టం. ఈ రెండిటికీ తేడా ఉందని అభిమానులకు తెలుసు, అందుకే ఆ అతుకుల డిస్కును వాళ్ళు క్షమించారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ‘అసలు’ అంటే మొట్టమొదట విడుదలైనది మాత్రమేనా? 1993లో న్యూయార్క్ ర్యాప్ బృందం వూ-టాంగ్ క్లాన్ తన తొలి ఆల్బమ్‌కు ‘ఎంటర్ ది వూ-టాంగ్ (36 చాంబర్స్)’ అని పేరు పెట్టుకుంది. అందులో ‘షావొలిన్ అండ్ వూ టాంగ్’ సినిమా మాటలు వినిపిస్తాయి. అవి మాండరిన్‌వో కాంటనీస్‌వో కావు, ఇంగ్లీషు డబ్బింగ్‌వి. చిన్నప్పుడు ఆ కుర్రాళ్ళు విన్నది అదే. పెదవులతో కలవని ఆ గొంతులు ఒక నగరపు సంగీత చరిత్రలో భాగమయ్యాయి. శుద్ధి పేరుతో ఆ డబ్బింగ్‌ను పారేసినా అన్యాయమే. ఒకే ప్రతిని గద్దె మీద కూర్చోబెట్టడం కాదు కావలసింది. ఉన్న ప్రతులన్నీ నిలవాలి, ఏది ఏదో స్పష్టంగా చెప్పాలి.

అది సాధ్యమేనని రుజువైంది. చాంగ్ చే దర్శకత్వం వహించిన ‘చైనాటౌన్ కిడ్’ (1977)కు రెండు రూపాలున్నాయి. ఒకటి 115 నిమిషాలు, రెండోది 90 నిమిషాలు. బ్రిటన్‌కు చెందిన ఆరో వీడియో 2021లో 12 సినిమాలతో తెచ్చిన ‘షాస్కోప్’ మొదటి సంపుటిలో రెండూ ఇచ్చింది. 2023లో అదే సంస్థ బ్రూస్ లీ సినిమాల 4కె పెట్టెలో ‘ది బిగ్ బాస్’ తాలూకు దీర్ఘమైన మాండరిన్ ప్రతిని చేర్చింది. 1971 నాటి సినిమా అది. మామూలుగా దొరికే ప్రతి కన్నా పొడవైన రూపం ఉండేదని దశాబ్దాలుగా చెప్పుకుంటూ వచ్చినవాళ్ళు చివరికి దాన్ని చూడగలిగారు.

ఇలాంటి ప్రతులు ఎక్కడ దొరుకుతాయో ఎవరూ చెప్పలేరు. అమెరికాలో పోర్ట్‌లాండ్‌లోని హాలీవుడ్ థియేటర్‌లో సినిమాల ఎంపిక చూసే డాన్ హాల్‌స్టెడ్‌కు కెనడాలోని వాంకూవర్‌లో మూతపడిన ఒక పాత షా థియేటర్ వేదిక కింద కుంగ్‌ఫూ సినిమాల 35 ఎంఎం ప్రింట్లు గుట్టలుగా కనిపించాయి. ఎవరికీ అక్కర్లేనివని వదిలేసిన సరుకు. ఆయన వాటిని మోసుకెళ్ళి శుభ్రం చేసి, హాల్లో జనం మధ్య ఆడిస్తూ వచ్చాడు. షా బ్రదర్స్ సినిమాలకు కనీసం ఒక యజమాని ఉన్నాడు. చిన్నచిన్న తైవాన్, హాంకాంగ్ నిర్మాతలు తీసిన ఎన్నో చిత్రాలకు నెగటివ్ ఏమైందో చెప్పే దిక్కే లేదు. అంచులు కోసిన పాత క్యాసెట్టే వాటికి మిగిలిన ఏకైక ప్రతి.

ఈ మాట అనగానే మన ఇంటి సంగతి గుర్తు రాకుండా ఉండదు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు ఈనాడు లేదు. 1957 నాటి ‘మాయాబజార్’కు రంగులద్ది, శబ్దాన్ని డీటీఎస్‌లోకి మార్చి 2010లో విడుదల చేస్తే జనం ఆదరించారు, ఆ ఆదరణ న్యాయమైనదే. నలుపు తెలుపుల్లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే పరిచిన వెన్నెల కూడా అంతే శుభ్రంగా, అంతే నాణ్యతతో దొరకాలని కోరడమూ న్యాయమే. యూట్యూబ్‌లో పాత తెలుగు సినిమా వెతికితే అంచులు తెగిన బొమ్మ, మూల మీద కంపెనీ ముద్ర, కొన్నిసార్లు ఎగిరిపోయిన పాట ఎదురవుతాయి. 2022లో ‘పోకిరి’ మళ్ళీ హాళ్ళకొచ్చినప్పుడు పండగ చేసిన అభిమానుల బలం చిన్నది కాదు. కుంగ్‌ఫూ అభిమానుల్లాగే వాళ్ళూ ఈ ప్రశ్నలు అడగడం మొదలుపెడితే హక్కులున్న సంస్థలకు జవాబు చెప్పక తప్పదు.

అడగాల్సింది పెద్ద కోరికేమీ కాదు. డిస్కు అట్ట వెనుక, ఓటీటీలో సినిమా పేరు కింద నాలుగు వివరాలు అచ్చు వేస్తే చాలు: బొమ్మ ఏ నెగటివ్ లేదా ఏ ప్రింటు నుంచి తీశారు, నిడివి మొదటి విడుదలతో సమానమా, శబ్దం ఏ సంవత్సరం నాటిది, తీసిందీ చేర్చిందీ ఏమిటి. మందు సీసా మీద ఏముందో రాయాలంటున్నాం, నూనె ప్యాకెట్ మీద రాయాలంటున్నాం. ‘ది 36త్ చాంబర్ ఆఫ్ షావొలిన్’లో కథానాయకుడు శాన్ తే 35 శిక్షణ గదులూ దాటాక కోరేది ఇంకో గదే. గుడి గోడల మధ్య దాచిన విద్యను బయటి మామూలు జనానికి నేర్పే గది. ఆ సినిమా డిస్కు మీదే ఈ నాలుగు వివరాలూ రాయడంతో మొదలుపెట్టవచ్చు.